సూర్యతాపము – విద్యుత్తు నిలుకడ

(గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము మన గ్రామమునకు చేసిన సేవను గూర్చి పూర్వవక్తలు సెలవిచ్చినారు. దానిని మరల చెప్పి మీ కాలమును హరింపను. కార్యదర్శిగారు నన్ను ఏ పురాణమును గూర్చియో, ఏ ప్రబంధమును గూర్చియో ప్రసంగింపుమని కోరియుండిన నాకు సులభముగ నుండెడిది. కాని పాఠకులు వ్రాసి వేసిన ప్రశ్నలలో ఒకే ప్రశ్న పలు చేతివ్రాతలలో వచ్చినదట. "పగలు ఇంత యెండ కాయుచుండగా, ఊరూర సౌరఫలకములు వెలయుచుండగా, సాయంకాలము ఏడు గంటలకు దీపము ఏల వెలవెలబోవుచున్నది?" అని ఆ ప్రశ్న. దీనికి సమాధానము చెప్పుమని నన్ను నియోగించినారు. నేను ఇంజనీరును కాను. గ్రామపు లెక్కలు వ్రాయువాడను. అయినను ఈ విషయము మూలమున జమాఖర్చుల విషయమే యగుటచేత సాహసించుచున్నాను.

ఇది కేవలము జిజ్ఞాసకై వేసిన ప్రశ్న కాదు. మన పొలిమేరలోని మెట్టభూములను సౌరకేంద్రమునకు కౌలుకిమ్మని యడుగువారు వచ్చిపోవుచున్నారు. కౌలు పత్రముపై చేవ్రాలు చేసిన పిదప ఆ భూమి మన మనుమలు పెద్దవారగు వఱకు మనకు తిరిగి రాదు. కావున ఇచ్చుటకైనను, మానుటకైనను, విషయమెఱిగి చేయుట మంచిది.

నిలువ లేని చిట్టా

మన యిండ్ల లెక్కలలో నేటి జమ రేపటి ఖర్చునకు పనికివచ్చును. విద్యుత్తు లెక్క అట్టిది కాదు. తీగెలలో విద్యుత్తు నిలువయుండదు. దేశమంతట ఈ క్షణమున ఎంత ఖర్చగుచున్నదో, అంతయు ఈ క్షణముననే ఉత్పత్తి కావలెను. విద్యుత్కేంద్రములను, పట్టణములను, పల్లెలను కలుపు ఈ తీగెల సముదాయమునే గ్రిడ్డు అందురు. గ్రిడ్డు చిట్టాలో జమయు ఖర్చును సాయంకాలమునకు గాక క్షణక్షణమునకు సరిపోవలెను.

సరిపోయినదో లేదో తెలుపు ముల్లు ఒకటి కలదు. మన విద్యుత్తు సెకనుకు 50 మారులు అటునిటు ఊగుచుండును. దీనిని పౌనఃపున్యము అందురు. కొలత పేరు హెర్ట్జు. ఖర్చు మిగిలినచో జనరేటర్లపై భారము పెరిగి అవి మందగించును, ముల్లు 50కి దిగువకు జాఱును. జమ మిగిలినచో అవి వేగమందుకొనును, ముల్లు పైకి లేచును. మన దేశమున ఈ ముల్లు 49.90కి 50.05కి నడుమ ఉండవలెనని నియమము. ఎంత సన్నని దారియో చూడుడు!

ఈ ముల్లును కాపాడుట యెంత కష్టమో 2020 ఏప్రిలు 5వ తేదీ రాత్రి మనమందఱము తెలియకయే పరీక్షించితిమి. కరోనా కాలమున ఆ రాత్రి 9 గంటలకు 9 నిమిషములపాటు దీపములార్పి ప్రమిదలు వెలిగించితిమి గదా. ఆ కొద్ది నిమిషములలో దేశమున విద్యుత్తు వాడుక 31,000 మెగావాట్లకు పైగా పడిపోయినది. మరల దీపములు వేయగనే పైకి లేచినది. గ్రిడ్డు కూలలేదు. ముల్లు 49.70కి 50.26కి నడుమ ఊగి మరల స్థిరపడినది. దీనికి ముఖ్యకారణము జలవిద్యుత్కేంద్రములు. అవి 17,000 మెగావాట్లకు పైగా ఉత్పత్తిని చకచక తగ్గించి, అంత వేగముగనే మరల పెంచినవి. ఆనకట్టలో నీరు నిలువయున్నది గనుక, తూము మూయుటయు తెఱచుటయు మన చేతిలోని పనియైనది.

కూలిన గ్రిడ్డును గూడ ఈ దేశము చూచినది. 2012 జూలై 30న ఉత్తర గ్రిడ్డు కూలినది. మఱునాడు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడును కూలినవి. 60 కోట్లకు పైగా జనులు నివసించు ప్రాంతము అంధకారమున మునిగినది. మన దక్షిణ గ్రిడ్డు తప్పించుకొన్నది. అప్పటికి అది మిగిలిన దేశముతో ఒకే తాళమున తిరుగుటలేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపురము లైను ద్వారా మనమును ఆ తాళమున కలసితిమి. నాటినుండి దేశమంతయు ఒకే ఉమ్మడి కుటుంబము. ఉమ్మడి కుటుంబమున బలమును పంచుకొందుము. బాధను గూడ పంచుకొందుము.

కుమ్మరి సారె

ముల్లు జాఱునప్పుడు మొదట ఆదుకొనునది యెవ్వరు? మనుష్యులు కారు. ఫోను తీసి మాటలాడు లోపలనే పని చెడిపోవును. మొదట ఆదుకొనునది బరువు.

కుమ్మరి సారెను చూడుడు. కుమ్మరి కఱ్ఱతో దానిని వడిగ త్రిప్పి కఱ్ఱ తీసివేయును. అయినను సారె తిరుగుచునే యుండును; కుండ తయారగును. పాతకాలపు ఆయిలు ఇంజనుకు ప్రక్కన పెద్ద ఇనుప చక్రముండెడిది. దెబ్బకు దెబ్బకు నడుమ ఇంజను ఆగకుండ అది కాపాడెడిది. బొగ్గు కేంద్రములలోను, జలకేంద్రములలోను తిరుగు జనరేటర్లు అట్టి చక్రములే. మన దేశమున ఆవిరితో నడచు పెద్ద జనరేటర్లు సాధారణముగ నిమిషమునకు 3,000 మారులు తిరుగును. అనగా సెకనుకు 50. ఎక్కడనో ఒక కేంద్రము హఠాత్తుగ ఆగిపోయినచో, దేశమంతటను తిరుగుచున్న ఈ చక్రములన్నియు తమ వేగములో రవంత యిచ్చివేసి ఆ లోటును పూరించును. ఈ జడత్వమే గ్రిడ్డునకు మొదటి కొన్ని సెకన్ల ఊపిరి. ఆ సమయములో ఆవిరి కవాటములు, నీటి తూములు తమంతట తామే మఱికొంత తెఱచుకొనును.

ఇక సౌరఫలకముల మాట. అవి వెలుతురును తిన్నగ విద్యుత్తుగ మార్చును. తిరుగు చక్రము లేదు, ఆవిరి లేదు, చప్పుడు లేదు. ఇది వాని గొప్పతనము. చౌకయగుటకు గూడ ఇదియే యొక కారణము. కాని అవి ఇన్వర్టరను యంత్రము ద్వారా గ్రిడ్డుతో కలియును. సామాన్యమైన ఇన్వర్టరులో ఆదుకొను బరువు లేదు. మబ్బు క్రమ్మినచో కొద్దిసేపటిలో జమ పడిపోవును. సూర్యాస్తమయమున జమ పద్దు సున్న యగును. సరిగ అదే సమయమున ఇంటింట దీపములు, పంకాలు, టీవీలు, పొయ్యిలు లేచును. దేశమున ప్రతి సాయంకాలము ఒక వైపు జమ క్రుంగుచుండగా మఱియొక వైపు ఖర్చు పెరుగుచుండును. ఆ లోయను నేడు ముఖ్యముగ బొగ్గును, నీరును పూడ్చుచున్నవి.

ఎండను ఉప్పులో దాచుట

ఈ చిక్కునకు ఒక పరిష్కారము సౌరతాప విద్యుత్తు. సౌరఫలకము వేఱు, ఇది వేఱు. ఇక్కడ సూర్యుని వెలుతురును గాక వేడిని వాడుదురు. అద్దములతో ఎండను ఒకచోటికి కూర్చి, ఆ వేడితో నీటిని ఆవిరిగ మార్చి, ఆ ఆవిరితో బొగ్గు కేంద్రములోవలెనే చక్రమును త్రిప్పుదురు. పొయ్యిలో బొగ్గునకు బదులు సూర్యుడు. అంతే భేదము.

ఇది నిన్నటి ఊహ కాదు. 1913లో ఈజిప్టు దేశమున కైరో చెంత మాది యనుచోట ఫ్రాంక్ షూమన్ అను అమెరికా దేశీయుడు తొట్టి ఆకారపు అద్దములతో ఆవిరి పుట్టించి నైలునది నీటిని పొలములకు తోడించినాడు. నూఱేండ్ల క్రిందటనే ఎండతో మోటారు నడచినదన్నమాట.

ఈ పద్ధతిలోని సారము వేడిని దాచుకొనగలుగుట. సోడియము నైట్రేటు నూటికి 60 పాళ్లు, పొటాసియము నైట్రేటు 40 పాళ్లు కలిపిన లవణమును కరగించి పెద్ద తొట్లలో నింపుదురు. రెండవదానిని మన వాడుకలో సురేకారమందుము. పగలు చల్లని తొట్టిలోని ఉప్పు ఎండవేడిని గ్రహించి వేడి తొట్టిలోనికి పోవును. చల్లని తొట్టి యన్నను అది 290 డిగ్రీల వేడి సుమా! చీకటి పడిన పిదప వేడి ఉప్పు తన వేడిని నీటికిచ్చి ఆవిరి పుట్టించి మరల చల్లని తొట్టికి చేరును.

స్పెయిన్ దేశమున గ్రనడా ప్రాంతమందలి అందసోల్ కేంద్రము ఇట్టిదే. దానిలో మొదటి విభాగము 50 మెగావాట్లు. దాని రెండు తొట్లలో సుమారు 28,500 టన్నుల ఉప్పు కలదు. తొట్టి నిండిన పిదప సూర్యుడు లేకయే ఏడున్నర గంటలు పూర్తి శక్తితో నడువగలదు. ఆ దేశముననే సెవిల్లె ప్రాంతమందు 2011లో నెలకొన్న హెమసోలార్ కేంద్రములో 140 మీటర్ల గోపురముపైకి 2,650 అద్దములు ఎండను త్రిప్పును. అందు ఉప్పు 565 డిగ్రీల వఱకు కాగును. నిలువ 15 గంటలకు చాలును. అనగా మంచి ఎండలు కాయు దినములలో రేయింబవళ్లు నడచును. మన తెలుగువా రెందఱో పనిచేయుచున్న దుబాయిలో 700 మెగావాట్ల సౌరతాప కేంద్రమునకు 2023 డిసెంబరులో ప్రారంభోత్సవము జరిగినది.

ఇప్పుడు లెక్కగాని బుద్ధితో ఒక పద్దు వేసి చూపెదను. 50 మెగావాట్ల చక్రములో, పూర్తి శక్తికి నాలుగు సెకన్లకు సరిపడు కదలిక నిలువయున్నదనుకొందము. అది సుమారు 55 యూనిట్లు. అందులోను చక్రము మిక్కిలి మందగింపరాదు గనుక చేత చిక్కునది కొన్ని యూనిట్లే. ఉప్పు తొట్టిలోని నిలువయో, 50 మెగావాట్ల చొప్పున ఏడున్నర గంటలు. అనగా 3,75,000 యూనిట్లు. మొదటిది అంగిలోని చిల్లర. రెండవది గాదెలోని ధాన్యము. మొదటిది సెకన్లను కాపాడును. రెండవది సాయంకాలమును కాపాడును. సౌరతాప కేంద్రము గ్రిడ్డునకు ఈ రెండింటిని ఒకేచోట ఇచ్చును. అంతేగాక, తిరుగు జనరేటరు తీగెలలో వోల్టేజి హెచ్చుతగ్గులను సరిదిద్దుటకు గూడ తోడ్పడును. మబ్బు క్రమ్మినను కాగిన నూనెయు ఉప్పును వెంటనే చల్లబడవు గాన ఉత్పత్తి ఒక్కపెట్టున పడిపోదు.

అరణ్యపర్వమున ధర్మరాజు సూర్యుని నుపాసించి అక్షయపాత్రను బడసిన కథ మనమందఱము ఎఱిగినదే. ఆ పాత్ర ద్రౌపది భుజించు వఱకే వడ్డించును. ద్రౌపది భుజించిన పిదప దుర్వాసుడు శిష్యగణముతో వచ్చినాడు. సౌరఫలకము అట్టి పాత్ర; సాయంకాలపు వాడుక అట్టి అతిథి. నాడు పాత్రకంటిన రవంత శాకము గృహస్థుల మానమును కాపాడినది. నేడు కృష్ణుడు వచ్చునని కూర్చుండరాదు; పగలే కొంత దాచవలెను. సాంకేతిక శాస్త్రము చెప్పునది యింతమాత్రమే.

ఖర్చు పద్దు

జమ చెప్పి ఖర్చు దాచుట లెక్కవ్రాయువానికి ధర్మము కాదు.

మొదటి ఖర్చు ధనము. 2010లో మన జాతీయ సౌర కార్యక్రమము క్రింద ఏడు సౌరతాప కేంద్రములు, మొత్తము 470 మెగావాట్లు, ఎంపికైనవి. వానిలో సగమునకు పైగా పూర్తికాలేదు. పూర్తియైనవానిలో ఒకటి మన ఆంధ్రప్రదేశమున అనంతపురము జిల్లాలో 2014లో నెలకొన్న 50 మెగావాట్ల కేంద్రము. ఉప్పు తొట్లు లేకుండ కట్టినది గనుక చక్రపు బరువే గాని రాత్రి నిలువ దానికి లేదు. ఇంతలో సౌరఫలకముల వెల దిగజాఱినది. అద్దములతో ఆవిరి పుట్టించు పద్ధతి వానితో వెలకు వెల పోటీపడలేకపోయినది.

రెండవది ఎండ స్వభావము. అద్దములకు తిన్నగ వచ్చు కిరణమే పనికివచ్చును. ధూళిలోను పొగమంచులోను చెదరిన వెలుతురు ఫలకమునకు కొంత పనికివచ్చును గాని అద్దమునకు పనికిరాదు. మన దేశమున గాలిలోని ధూళి వలన తిన్నని కిరణము ముందు వేసిన అంచనాలకంటె తక్కువగ దొరకినది.

మూడవది నీరు. ఆవిరిని మరల నీరుగ చల్లార్చుటకు నీటినే వాడినచో యూనిట్టునకు సుమారు మూడు లీటర్లు కావలెను. 50 మెగావాట్ల కేంద్రము రోజునకు ఎనిమిది గంటలు నడచినచో 4,00,000 యూనిట్లు. నీరు 12,00,000 లీటర్లు! గాలితో చల్లార్చు పద్ధతి కలదు. దానిలో ఈ నీటిలో నూటికి తొంబది పాళ్లు మిగులును. కాని ఖర్చు హెచ్చును, మండువేసవిలో ఉత్పత్తి కొంత తగ్గును. బోరు వేయి అడుగులు దిగు మెట్టప్రాంతమున ఈ పద్దును చూడకుండ సంతకము పెట్టరాదు.

నాలుగవది యంత్రముల బాధ. అమెరికాలో నెవాడా రాష్ట్రమందలి క్రెసెంట్ డ్యూన్స్ అను 110 మెగావాట్ల కేంద్రమున 2016లో వేడి ఉప్పు తొట్టి కారి, నెలల తరబడి పని నిలిచిపోయినది. 565 డిగ్రీల వస్తువును తొట్టిలో నిలుపుట పాలు కాచుట వంటిది కాదు.

మఱియొక సత్యము. సౌరతాప కేంద్రములున్నంతమాత్రమున గ్రిడ్డు కూలదని భ్రమపడరాదు. స్పెయిన్ దేశమున అట్టివి సుమారు 2,300 మెగావాట్లు కలవు. అయినను 2025 ఏప్రిలు 28న మిట్టమధ్యాహ్నము స్పెయిన్, పోర్చుగల్ దేశములు రెండును చీకటిలో పడినవి. వోల్టేజి అదుపుతప్పి పెరిగి, ఒకదానివెంట నొకటిగ కేంద్రములు విడిపోయినవని, వోల్టేజిని అదుపు చేయవలసిన శక్తి ఆనాడు చాలలేదని ఆ దేశప్రభుత్వపు విచారణ తేల్చినది. చక్రము ఉండుట యొకటి. వేళకు అది తిరుగుచుండుట, దానిచేత సరియైన పని చేయించుకొనుట వేఱొకటి. ఇంటిలో ధాన్యమున్నంతనే అతిథికి అన్నము కాదు గదా.

ఇతర మార్గములు

ఉప్పు తొట్టి యొక్కటే మార్గము కాదు. శ్రీశైలము ఎడమగట్టు కేంద్రమునందును, నాగార్జునసాగరమునందును ఇటునటు తిరుగగల యంత్రములు కలవు. విద్యుత్తు మిగిలినప్పుడు అవి క్రింది నీటిని పైకి తోడును. కొఱతపడినప్పుడు ఆ నీటినే దింపి విద్యుత్తు నిచ్చును. ఇదియు గాదెయే, ఇదియు చక్రమే. ఆస్ట్రేలియా దేశమున దక్షిణ రాష్ట్రమంతయు 2016 సెప్టెంబరు 28న చీకటిపాలైన పిదప, 2017లో అక్కడ 100 మెగావాట్ల బ్యాటరీ నెలకొల్పినారు. అది తృటిలో స్పందించును. ఆ రాష్ట్రముననే 2021 నాటికి ఆవిరి లేకయే తిరుగు నాలుగు పెద్ద చక్రములను కేవలము గ్రిడ్డు నిలుకడకై అమర్చినారు. నేడు వెలలో బ్యాటరీ ముందు నడచుచున్నది. దీర్ఘరాత్రికి ఉప్పు, క్షణమునకు బ్యాటరీ, సాయంకాలమునకు కొండమీది నీరు. ఏది యెచ్చట తగునో అచ్చట వాడుట వివేకము.

మన గ్రామమునకు ఏమి?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తును. సాయంకాలము మన దీపము వెలవెలబోవుటకు రెండు కారణములు వేఱువేఱు. దేశపు గ్రిడ్డులో కొఱత యేర్పడినచో సరఫరా కోత వచ్చును. సరఫరా ఉండి దీపము మసకబారినచో, అది చాలవఱకు మన ఊరి ట్రాన్స్‌ఫార్మరుపై అధికభారము, పొడవైన సన్నని తీగెలు, కెపాసిటరు లేని మోటార్లు కలిసి చేయు పని. దీనిని స్పెయిన్ ఉప్పు గాని, దుబాయి గోపురము గాని బాగుచేయలేవు. ప్రతి మోటారునకు తగిన కెపాసిటరు అమర్చుకొనుట, ట్రాన్స్‌ఫార్మరునకు మించి మోటార్లు తగిలింపకుండుట, పగటి సరఫరాలోనే నీరు పెట్టుకొనుట మన చేతిలోని పనులు. మిట్టమధ్యాహ్నము మోటారు నడపు రైతు ఎండను ఎండగనే వాడుకొన్నవాడు. అతడు గ్రిడ్డునకు చేయు సాయము చిన్నది కాదు.

భూమి కౌలునకు అడుగువారిని మనము మూడు ప్రశ్నలు వేయుదము. ఇది ఫలకముల కేంద్రమా, వేడి కేంద్రమా? చీకటి పడిన పిదప విద్యుత్తు నిచ్చు నిలువ దీనికి కలదా, ఎన్ని గంటలు? నీరెంత, ఆ నీరెక్కడిది? ఈ మూడింటికి సమాధానములు నోటిమాటగ గాక కాగితముపై తీసికొందము. ఆ కాగితమును ఈ గ్రంథాలయమున అందఱు చదువునట్లు ఉంచుదము. చదివిన పిదప ఎవరి భూమిని గూర్చి వారు నిర్ణయించుకొందురుగాక. ఇమ్మని నేను చెప్పను; వలదనియు చెప్పను. తెలిసి చేయుడని మాత్రము చెప్పుదును.

ఈ గ్రంథాలయమున సాయంకాలము ఆఱు మొదలు తొమ్మిది వఱకు పరీక్షలకు చదువు బాలబాలికలు కూర్చుందురు. దేశపు చిట్టాలో అత్యంత కఠినమైన మూడు గంటలును అవియే. వారి బల్లమీద దీపము నిలుకడగ వెలుగుటకు ఎక్కడెక్కడి చక్రములు, తూములు, మనుష్యులు మేల్కొనియుందురో తలచినప్పుడు, పనిలేని గదిలో పంకా ఆపుట సైతము చిన్నపని యనిపింపదు. ఈ విషయముపై తెలుగున వచ్చిన పుస్తకములను రాబోవు సంవత్సరమున కొన్ని తెప్పింపవలసినదని కార్యవర్గమువారిని కోరుచున్నాను. చందా బకాయిలు చెల్లించినచో అది కష్టము కాదని లెక్కలు వ్రాయువానిగ మనవి చేయుచున్నాను.

 మన గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొనుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.